మదర్ మందు

నా తోడికోడలంటే నాకు కుళ్లు. చివరిదాకా చదివి "పాపం, ఈమె మంచిదే" అని ఎవరూ అనుకోకుండా ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ప్రొద్దుటూరులో ఆడవాళ్లు ఒకరిని చూసి ఒకరు కుళ్లుకోవడానికి బంగారం ఉంది, పట్టుచీరలు ఉన్నాయి, ఎదురింటి కంటే ఒక అంతస్తు ఎక్కువ వేసుకున్న ఇళ్లు ఉన్నాయి. నేను కుళ్లుకున్నది మాత్రం బొటనవేలంత గాజు సీసాను చూసి.

ఆ సీసా మా ఇంట్లోకి రాకముందు నాకంటూ ఒకటి ఉండేది. అది నా చెయ్యి. మందు ఏదైనా ఇచ్చే చెయ్యి మంచిదైతేనే పనిచేస్తుందని మా వైపు గట్టి నమ్మకం. ఎంత పెద్ద చదువు చదివిన డాక్టరు గురించైనా ముందు అడిగే మాట ఒక్కటే, "హస్తవాసి ఎట్లుంటాది?" అని. దగ్గులకు, ఉబ్బసాలకు, గొంతులో పిల్లికూతలకు మా వీధిలో హస్తవాసి ఉన్నది నాకే. ఇంక దేనికీ నా చెయ్యి ఎవరికీ అక్కర్లేదు.

ఎందుకు అక్కర్లేదో చెబుతాను. పంతొమ్మిదేళ్ల వయసులో జమ్మలమడుగు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మాది బట్టల అంగడి. మా ఆయన పెద్దకొడుకు. నాకు పిల్లలు పుట్టలేదు. కడపకు పోయాం, కర్నూలుకు పోయాం, తిరుపతిలో నెలరోజులు ఉండి పరీక్షలు చేయించుకున్నాం. పదేళ్లు గడిచాక అడిగేవాళ్లే విసుగొచ్చి అడగడం మానేశారు. సీమంతాలకు నన్నూ పిలిచేవాళ్లు. గాజులు తొడిగే వరుస నా దాకా వచ్చేసరికి ఎవరో ఒకరు, "కొంచెం మంచినీళ్లు తెస్తావా అక్కా" అనేవాళ్లు. నేను నీళ్లు తెచ్చేలోపల నా వరుస దాటిపోయేది. మొదట్లో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, నీళ్లచెంబు చేత్తో పట్టుకునే సీమంతాలకు పోయేదాన్ని. అదీ నా పొగరు.

అట్లాంటి చేతినే, దగ్గొచ్చేసరికి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

నా మందు అడ్డసరం. మా అవ్వ నేర్పింది. జమ్మలమడుగులో మా అవ్వ ఇంటి పెరటికి కంచె మొత్తం అడ్డసరమే. పొడుగాటి ఆకులు, నోరు తెరిచినట్టుండే తెల్లపూలు. వీధిలో గొర్రెలూ మేకలూ పోయేటప్పుడు తులసిని వదలవు, మల్లెతీగను వదలవు, ఎండబెట్టిన చీరను కూడా వదలవు. అడ్డసరం జోలికి మాత్రం రావు. అంత చేదు. అందుకే దాన్ని కంచెగా వేసేవాళ్లు. ఆకును పెనం మీద వాడ్చి పసరు పిండి తేనెతో ఇస్తే దగ్గుకు. మిరియాలు, శొంఠి, పిప్పళ్లు వేసి కాస్తే రొమ్ములో పేరుకున్న కఫానికి. వేడి చేసి కట్టు కడితే మోకాళ్లకు. ఉబ్బసం ఉన్న మా తాత ఎండాకును చుట్ట చుట్టి పొగ పీల్చేవాడు. మామిడికాయలు మాగేసేటప్పుడు కింద పరిచేది అదే, జొన్నల్లో పురుగు పట్టకుండా వేసేదీ అదే. పెళ్లయి వచ్చేటప్పుడు ఒక కొమ్మ విరిచి తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చి ఇక్కడ పెరట్లో నాటాను. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో చీరలు చినిగిపోయాయి, గిన్నెలు సొట్టలు పోయాయి. చెట్టు ఒక్కటే పెరిగింది.

మా అత్తకు చలికాలం వస్తే దగ్గు. ఆమె నోరు గురించి వీధంతా తెలుసు. వేలు చూపించి మాట్లాడితే అంగడిలో మా మామ కూడా లేచి నిలబడేవాడట. అట్లాంటి మనిషి పొద్దున్నే నేను కషాయం గ్లాసు పట్టుకుపోతే చిన్నపిల్లలాగా రెండు చేతులు చాపేది. "నీ చేతిలో ఏముండాదో గాని మే, గొంతులో దిగంగానే కూతలు తగ్గుతాయి" అనేది. పద్దెనిమిదేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క విషయానికే. నాకు అది చాలు. ఆ మాట కోసం నేను చలికాలం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. అత్తకు దగ్గు రావాలని కోరుకున్నానంటే కోరుకున్నాననే అనుకోండి.

పెరటి తలుపు దగ్గరికి ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లు. కమలాపురం నుంచి ఒకామె బస్సెక్కి వచ్చేది, ఉబ్బసం ఉన్న కొడుకును వెంటబెట్టుకుని. "నువ్వు కాచిస్తేనే అక్కా, నేను కాస్తే పనిచెయ్యదు" అనేది. అదే ఆకు, అదే మిరియం. ఆకు కట్ట ఇచ్చి పంపినా ఒప్పుకునేది కాదు. నా చేత్తోనే తాపించాలి.

అప్పుడు మా మరిదికి పెళ్లయింది. అమ్మాయిది పులివెందుల. హోమియో డాక్టరు చదువు చదివింది. మా ఇంట్లో అందరూ ఆమెను చిన్నామె అంటారు, నన్ను పెద్దామె అంటారు. వయసులో నాకంటే పదమూడేళ్లు చిన్నది. పొద్దెక్కాక లేస్తుంది, గబగబా తింటుంది, మాట కటువు. వచ్చిన వారానికే నా వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించింది. ఇరవై ఏళ్లుగా ఏ డబ్బాలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగే నాకు, ధనియాల డబ్బా మీద "ధనియాలు" అని రాసి పెట్టింది.

నెలలోపల వీధి వైపు గదిలో ఆమె డాక్టరు బల్ల పడింది. అరల నిండా సీసాలు, చక్కెర గుండ్లలాంటి మాత్రలు. మొదటి పేషెంటు మా అత్త. చిన్న సీసా తీసి, పావు గ్లాసు నీళ్లలో పది చుక్కలు వేసి ఇచ్చింది. అత్త వాసన చూసి మొహం ముడుచుకుంది.

"ఏందే ఇది? సారాయి కంపు కొడతాంది."

"మందు నిలవ ఉండేదానికి కలుపుతారత్తా. ఏం గాదు, తాగు. ఇది వాడినన్నాళ్లు కాఫీ బంద్. ఉల్లిగడ్డ బంద్. కర్పూరం దగ్గరికి గూడా పోగూడదు."

మా అత్త కాఫీ మానేసింది. నమ్మండి. కషాయం తాగే రోజుల్లో కాఫీ ఒక్క పూట ఆపమని నేను ఎన్ని చలికాలాలు బతిమాలానో! "కాఫీ మానితే దగ్గుతో గాదు మే, తలనొప్పితో సస్తా" అనేది. ఇప్పుడు చిన్నామె ఒక్క మాటకు కాఫీ గ్లాసు బోర్లించింది. పది రోజులకు దగ్గు తగ్గింది. పూజగదిలో హారతి వెలిగిస్తుంటే కర్పూరం వాసన తగలకుండా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దేవుడి కంటే డాక్టరమ్మకే ఎక్కువ భయపడింది. వీధిలో కనపడిన ప్రతి మనిషికీ చెప్పింది, "మా చిన్నామె మదర్ మందు ఇచ్చింది, గొంతు కడిగినట్టయింది" అని.

మదర్ మందు అన్నది ఆ సీసా పేరు. చిన్నామె దాన్ని మదర్ టింక్చర్ అనేది. మా అత్తకు మదర్ వరకే తెలుసు. వీధిలో ఆడవాళ్లకూ అంతే. రెండు నెలల్లో మా వీధిలో ఆ పేరుకు కాళ్లూ చేతులూ వచ్చాయి. అది తాగితే పిల్లలు పుడతారట. అది తాగితే బాలింతలకు పాలు పడతాయట. పేరే మదర్ అయినాక ఇంక దేనికి పనిచేస్తుంది మరి?

చిన్నామె మాత్రలిచ్చే పద్ధతి ఒకటి నన్ను ఎక్కువ మండించింది. సీసా మూతలోకి నాలుగు గుండ్లు వంచి, మూతతోనే నోట్లో వేసుకోమనేది. "చేత్తో ముట్టుకోగూడదు. చెయ్యి తగిల్తే మందు పాడైతాది" అని అందరికీ చెప్పేది. చెయ్యి తగిలితే పాడైపోయే మందట! నా బతుకంతా ఆ చేతి మీదనే కదా నిలబడింది. నన్ను ఉద్దేశించి అనలేదు, తెలుసు. అయినా పెరట్లో అంట్లు తోముతూ ఆ మాట విన్నప్పుడల్లా గిన్నె గట్టిగా కొట్టేదాన్ని.

కమలాపురం ఆమె ఒకరోజు వచ్చింది. అలవాటుగా పెరటి తలుపు దగ్గరికే వచ్చింది. కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, నేను ఆకు కోయడానికి లేస్తుంటే నసిగింది.

"అక్కా, కొత్త డాక్టరమ్మ ఉండాదా?"

"ఉండాది. ముందు వాకిలి నుంచి పో. పేషెంట్లు ఈడ నుంచి రాగూడదు" అన్నాను. అట్లాంటి నియమం ఏదీ లేదు. ఆమె చుట్టూ తిరిగి ముందు వాకిలికి పోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఇంక ఇప్పుడు సిగ్గుపడే సంగతి రాస్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి. నాకప్పుడు ముప్పై ఎనిమిది. నెలనెలా బయట చేరడం ఇంకా ఆగలేదు. వీధిలో ఆడవాళ్లు మదర్ మందు గురించి గుసగుసలాడుతుంటే పైకి ఛీ అన్నాను గాని, లోపల ఒక పురుగు తొలిచింది. ఒక మధ్యాహ్నం చిన్నామె బజారుకు పోయినప్పుడు ఆ గదిలోకి పోయాను. మదర్ మందు సీసా తీసి పది చుక్కలు నీళ్లలో వేసుకుని గటగటా తాగాను.

సారాయి మంట ముందు తగిలింది. దాని వెనకనే చేదు. నాలుక మొదట్లో మొదలై చెవుల దాకా పాకే చేదు. ఆ చేదు నాకు తెలుసు. మా అవ్వ ముక్కు మూసి పోసినప్పటి నుంచీ తెలుసు. అది అడ్డసరం! నా పెరట్లో ఉన్నది! పిల్లల కోసం దొంగతనంగా తాగిన మందు, నేను ఇరవై ఏళ్లుగా ఊరందరికీ పోస్తున్న పసరే. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మంట పుట్టింది.

చిన్నామె రాగానే సీసా ఆమె ముందు పెట్టాను.

"ఇదేందమ్మా?"

"మదర్ టింక్చర్ అక్కా."

"ఏ ఆకుది?"

ఆమె నా మొహం చూసింది. "అడ్డసరానిదే. మన పెరట్లో ఉండేదే. పుస్తకంలో దానికి వేరే పేరు ఉంటాది. పచ్చి ఆకును స్పిరిట్‌లో నానబెట్టి తీస్తారు. ఇదే మొదటి మందు గాబట్టి మదర్ అంటారు, దీన్నుంచే మిగతా పవర్లన్నీ చేస్తారు. మదర్ అంటే తల్లి అయ్యేదానికి అని గాదక్కా." ఆ చివరి మాట మెల్లగా అంది. తర్వాత అడిగింది, "ఎట్ల కనుక్కున్నావు?"

"వాసన పట్టి" అన్నాను.

మూత బిగించి ఉన్న సీసాకు వాసన ఎక్కడిది? ఆమెకు తెలిసిపోయింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానని సామెత ఉంది. నా తోడికోడలు నవ్వలేదు. అప్పుడు ఎట్లా ఏడవాలో సామెతలో లేదు.

ఊరుకుంటానా? అత్త దగ్గరికి పోయాను. "అత్తా, నువ్వు తాగుతాండేది నా అడ్డసరమే. సీసాలో పోసి ఇస్తాంది, అంతే" అన్నాను. అత్త తమలపాకు ఈనె తీస్తూ తలెత్తకుండా చెప్పింది.

"అయితే ఏంది? నువ్విస్తే ఆకు పసరు. ఆమిస్తే మందు."

ఆ మరునాడే సంచి సర్దుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. మా అమ్మకు అంతా చెప్పుకుని ఏడ్చాను. అమ్మ చాటలో శనగపప్పు చెరుగుతూ మొత్తం విని, "మేక తినని ఆకు కోసం మీరిద్దరూ కొట్లాడుతాండారు గదమ్మే" అంది. ఓదారుస్తుందని పోతే ఆమె కూడా అంతే. నాలుగు రోజులుండి వచ్చేశాను.

తిరిగి వచ్చేసరికి ఇల్లంతా మిఠాయి వాసన. చిన్నామె నీళ్లోసుకుంది.

కడుపుమంట అని ఊరికే అనరు, అది నిజంగా కడుపులోనే మండుతుంది. పెళ్లయిన రెండేళ్లకు ఆమెకు చదువుంది, బల్ల ఉంది, అత్త మెప్పుంది, ఇప్పుడు ఇది. నాకు ఉన్న ఒక్క చెయ్యి కూడా ఆమె సీసాలోకి పోయింది. నేను ఆమెకు పులుపు వండి పెట్టాను, కాళ్లు వాస్తే వేడినీళ్లు పెట్టాను. పెడుతూనే మండాను. ఏడో నెలలో సీమంతం చేశారు. నా వరుస వచ్చేసరికి అత్త వైపు చుట్టం ఒకామె, "పెద్దామే, కొంచెం నీళ్లు" అంది. పోయాను. వచ్చేసరికి చిన్నామె మోచేతుల దాకా గాజులు నిండాయి. ఆమె నా వైపు చూసింది, ఏమీ అనలేదు. అదీ ఆమె లెక్కలోనే రాసుకున్నాను.

సీమంతం అయిన వారానికి ఆమెకు దగ్గు పట్టుకుంది. పొడిదగ్గు. పక్కటెముకలు పట్టేసే దగ్గు. తన మాత్రలే వేసుకుంది. ఒకటి మార్చి ఇంకొకటి వేసుకుంది. పది రోజులైనా తగ్గలేదు. "నా మందు నాకే పనిచెయ్యల్యాదక్కా" అని గోడకు ఒరిగి నవ్వబోయి దగ్గింది. నాకు సంతోషం కలిగింది. రాస్తున్నాను కదా, కలిగింది.

మధ్యాహ్నం అత్త వంటింట్లోకి వచ్చింది.

"ఏమ్మే, నీ అడ్డసరం కషాయం కాచు. బిడ్డ దగ్గలేక సస్తాంది."

మా అవ్వ ఈ ఆకు గురించి చెప్పిన నియమాల్లో అన్నిటికంటే గట్టిది ఒకటుంది. కడుపుతో ఉన్నవాళ్లకు దీన్ని చుక్క కూడా పోయకూడదు, కడుపు జారుతుంది. కానుపయ్యాక పోయొచ్చు. పెరటి తలుపు దగ్గరికి వచ్చిన ఆడవాళ్లను ఆ మాట అడక్కుండా ఒక్కసారి కూడా గ్లాసు ఇవ్వలేదు నేను. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తే అవసరం రాలేదు.

"ఆలోచిస్తాండావేంది? దాని పేరే మదర్ మందు గదా! కడుపుతో ఉన్నోళ్లకు గాక ఇంకెవరికంటా?" అంది అత్త.

"సరే అత్తా" అన్నాను.

పెరట్లోకి పోయి ఆకు కోశాను. కడిగాను. మిరియాలు దంచాను. గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఏమనుకున్నానని అడిగితే రెండు చెప్పాలి. మొదటిది సులువు. నా చేత్తో ఆమె దగ్గు తగ్గితే, ఆ కమలాపురం ఆమె, వీధిలో వాళ్లు, అత్త, అందరూ మళ్లీ నా తలుపు దగ్గరికి వస్తారు. అవ్వ పాతకాలం మనిషి, ఏదో చాదస్తం కొద్దీ చెప్పి ఉంటుంది. రెండోది అంత సులువు కాదు. అవ్వ చెప్పింది నిజమైతే? నిజమైతే అవుతుంది, నన్ను కాయమన్నది అత్త, నేను కాదు. ఇది కూడా అనుకున్నాను. కషాయం సగానికి మరిగేంత సేపూ ఇది అనుకుంటూనే ఉన్నాను. గుడ్డలో వడగట్టాను. తేనె కలిపాను. గ్లాసు పట్టుకుని నడిమింటి గడప దాకా పోయాను.

చిన్నామె చాప మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూడలేదు. దగ్గు తెర వచ్చింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులతో పొట్టను కిందినుంచి ఎత్తి పట్టుకుంది, ఆ కుదుపు లోపలికి తగలకుండా. దగ్గి దగ్గి కళ్లలో నీళ్లు కారుతున్నా చేతులు తీయలేదు.

వెనక్కి తిరిగి పెరట్లోకి పోయి గ్లాసులోది మొత్తం అంట్లు తోమేచోట పారబోశాను.

అత్త నా ఖాళీ చేతులు చూసింది. "ఏదే?"

"ఇయ్యను అత్తా."

"ఏంది?"

"కడుపుతో ఉన్నోళ్లకు అది పొయ్యగూడదు. మా అవ్వ చెప్పింది."

"ఇరవై ఏండ్లు చెప్పని అవ్వ ఇప్పుడొచ్చి చెప్పిందా?"

"ఈ ఇరవై ఏండ్లలో ఈ ఇంట్లో కడుపుతో ఎవరుండారత్తా?"

ఇంకొకరైతే ఆ మాటకు ఆగిపోయేవాళ్లు. మా అత్త ఆగలేదు. "అదీ! అదీ నీ కడుపులో ఉండేది! ఓర్వలేవు. నీకు ల్యాదని ఓర్వలేవు. గొడ్డుబోయినదానికి బుద్ధి గూడా గొడ్డుబోతాదని ఊరికే అన్లేదు" అంది. మా ఆయన అక్కడే పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. పప్పు కలుపుకుంటూనే ఉన్నాడు, తల ఎత్తలేదు. నేను నిలబడి విన్నాను. అత్త అబద్ధం చెప్పి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. ఎట్లా తిరగను?

నడిమింటి గడప దగ్గరికి చిన్నామె వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది.

"అక్క చెప్పింది నిజం అత్తా. కడుపుతో ఉన్నోళ్లు అడ్డసరం తాగగూడదు, మా పుస్తకాల్లో గూడా ఉండాది. ఇన్ని మందులు మార్చినా ఆ సీసా ముట్టుకున్నానా నేను? చూడల్యా నువ్వు?"

"మరి మదర్ అంటివి గదే!"

"మదర్ అంటే మొదటి మందు అత్తా. తల్లి మందు గాదు. ఎన్నిసార్లు చెప్పాల?"

అత్త ఒక్క క్షణం ఇద్దరినీ చూసింది. "డాక్టరువు నువ్వు చెప్తాండావు గాబట్టి సరే" అని గొణుక్కుంటూ పోయి మంచం మీద కూర్చుంది. చూశారా? మా అవ్వ చెప్పిన మాట, నేను నోరు తెరిచి చెప్పిన మాట నిజం కావడానికి కూడా ఆమె ముద్ర కావలసి వచ్చింది. తిట్లు పడ్డ దుఃఖం కంటే అది ఎక్కువ మండింది నాకు.

ఆ మంటలో ఉండగానే చిన్నామె వేడినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చింది. పొయ్యి పక్కన గిన్నె అట్లాగే ఉంది. వడగట్టిన గుడ్డ పచ్చగా తడిసి గట్టు మీద ఉంది, దాంట్లో ఉడికిన ఆకు పిప్పి. తేనె సీసాకు మూత లేదు. గ్లాసు అంచుకు పచ్చటి చార. నేను ఏదీ దాచలేదు. దాచాలని తోచలేదు కూడా.

ఆమె గిన్నె చూసింది. గుడ్డ చూసింది. గ్లాసు ఎత్తి వాసన చూసింది.

"సగానికి మరిగిందాకా కాచినావా?" అని అడిగింది.

"ఊఁ."

"తేనె కలిపినావు."

"కలిపినా. పారబోసినా."

"తెలుసు" అంది. ఎంత తెలుసో చెప్పలేదు. గుడ్డను పిప్పితో సహా పాత పేపర్లో చుట్టింది. "నేను పారేస్తాలే అక్కా. అత్త చూసిందంటే నిన్ను బతకనియ్యదు." ఏడో నెల పొట్టతో ఆ పొట్లం పట్టుకుని పెరటి తలుపు తీసుకుని, దగ్గుకుంటూ పోయింది. తిరిగి వచ్చి గ్లాసు తనే కడిగి బోర్లించింది.

దగ్గు మరో వారానికి దానంతటదే తగ్గింది. కాన్పుకు పులివెందుల పోయింది. ఆడపిల్ల పుట్టింది. ఐదో నెలలో తీసుకొచ్చారు. ఇప్పుడు ఆ పిల్లకు నాలుగేళ్లు. ఇన్నేళ్లలో ఆ మధ్యాహ్నం గురించి చిన్నామె ఒక్కరికీ చెప్పలేదు. మొగుడికి చెప్పలేదని నాకు ఖాయంగా తెలుసు, మా మరిది కడుపులో మాట ఆగదు. మేమిద్దరం కొట్లాడుకున్నాం, ఉప్పు దగ్గర, టీవీ దగ్గర, నా డబ్బాల మీద చీటీల దగ్గర. ఎంత కోపంలోనూ ఆ మాట ఆమె నోటి నుంచి జారలేదు. ఆమె జాగాలో నేనుంటే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. అత్తకు చెప్పేదాన్ని, పులివెందులకు ఫోన్ చేసి చెప్పేదాన్ని, వీధి వీధంతా చెప్పేదాన్ని. ఆమె నోరు కట్టుకుని కూర్చుంది. ఆ పని నాకు చేతకాదని తెలిసి ఇప్పుడు దానికి కూడా కుళ్లుకుంటున్నాను.

పిల్లకు చలికాలం వస్తే దగ్గు, నాయనమ్మ పోలిక. ఇంటి నిండా మందు సీసాలు పెట్టుకున్న డాక్టరమ్మ వాటి మూత తీయదు. పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి వచ్చి నా ఒళ్లో వేస్తుంది. "పల్చగా కాచి, నీ చేత్తోనే తాపించక్కా" అంటుంది. ముందు గదిలో పేషెంట్లు ఉంటారు, పోవాలి. పోతుంది. నేను గ్లాసు అందుకుంటాను, పిల్ల నోరు తెరుస్తుంది. చిన్నామె గడప దగ్గర ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు. నేనైతే చూసేదాన్ని.